కెమెరా చివర్లో కొనండి: సొంతంగా వీడియోలు తీసేవాళ్లకు

"ఏ కెమెరా కొనమంటారు?" అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: మీ దగ్గర చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఉన్నాయా? వెటకారం అనుకుని నవ్వేస్తారు. వెటకారం కాదండీ. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా, చీకట్లో గ్రెయిన్ కనిపించినా చూసేవాళ్లు రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతారు, మాట అర్థం కాకపోతే మాత్రం పది సెకన్లు కూడా ఉండరు. మోగే గదిలో దూరం నుంచి రికార్డ్ చేసిన గొంతును ఇప్పుడొస్తున్న సాఫ్ట్‌వేర్లు శుభ్రం చేస్తాయి, నిజమే, కానీ అలా కడిగిన గొంతు డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టే ఉంటుంది.

నేనూ దెబ్బ తినే నేర్చుకున్నాను. మొదట్లో ఒంటరిగా షూట్‌కి వెళ్లి ఒక పెద్దాయనతో గంటంపావు మాట్లాడాను. కాలర్ మైక్ పెట్టాను, స్క్రీన్ మీద లెవెల్స్ ఆడుతున్నాయి, ఆయన బ్రహ్మాండంగా చెబుతున్నారు. ఇంటికొచ్చి వింటే ఫ్యాన్ చప్పుడు, కుర్చీ కిర్రు, ఎక్కడో దూరంగా ఆయన గొంతు. మైక్ జాక్ సగమే లోపలికి వెళ్లింది, కెమెరా తన సొంత మైక్‌తో రికార్డ్ చేసుకుంది, నాకు కనిపించిన లెవెల్స్ దానివే. ఆయన మళ్లీ కూర్చోలేదు. ఆ రోజు నా చేతిలో ఉన్నది మంచి కెమెరానే.

అందుకని ఇక్కడ వరస తలకిందులుగా ఉంటుంది. ముందు సౌండ్, తర్వాత లెన్స్, ఆ తర్వాత చిల్లర సామాను, ఆఖర్న కెమెరా బాడీ, అంటే లెన్స్ లేని ఉత్త కెమెరా.

ఏం తీస్తారో ముందు రాసుకోండి

కొనడానికి ముందు ఒక కాగితం తీసుకుని వచ్చే ఆరు నెలల్లో నిజంగా తీయబోయేవి ఏమిటో రాయండి, కలలు కాదు, నిజంగా తీసేవి. ఎక్కడ, ఎంతమంది మాట్లాడతారు, ఒక్కో టేక్ ఎంతసేపు, మీరు ఒక్కరేనా లేక మైక్ పట్టుకునే మనిషి ఉన్నాడా. ఈ నాలుగు తెలిస్తే సగం సామాను దానంతటదే తేలిపోతుంది.

గదిలో ఒకరు కూర్చుని మాట్లాడే వీడియోలే అయితే కెమెరా కదలదు కాబట్టి స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే సదుపాయం) కోసం డబ్బు పోయడం దండగ, గంటసేపు ఆగకుండా, వేడెక్కకుండా రికార్డ్ అవడం ముఖ్యం. నడుస్తూ, తిరుగుతూ తీసే డాక్యుమెంటరీ అయితే బరువు, బ్యాటరీ, స్టెబిలైజేషన్, వైర్‌లెస్ మైక్ ముందుకొస్తాయి. షార్ట్ ఫిల్మ్ అయితే బూమ్ (మైక్ తగిలించే పొడుగు కర్ర) పట్టుకునే మనిషి, విడిగా రికార్డర్, కలర్ దిద్దుకోవడానికి 10 బిట్ ఫుటేజ్ (అదేంటో కింద చెబుతాను) కావాలి. స్టేజి కార్యక్రమాలైతే తక్కువ వెలుతురు, దూరం లాగే జూమ్ కావాలి, సౌండ్ మిక్సర్ నుంచి వైరు తీసుకోవాలి. ఈ ఆఖరిదాంట్లో ఒక చిక్కుంది: మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, కెమెరా మైక్ జాక్ ఎదురుచూసేది దానికన్నా ఎన్నో రెట్లు చిన్నదైన మైక్ లెవెల్. నేరుగా గుచ్చితే ఎంత గెయిన్ (సౌండ్‌ని పెంచే, తగ్గించే సెట్టింగ్) తగ్గించినా సౌండ్ పగిలిపోతుంది. కెమెరా మెనూలో లైన్ ఇన్‌పుట్‌కి మార్చుకునే వీలుందేమో చూడండి, లేకపోతే లైన్ ఇన్‌పుట్ ఉన్న చిన్న రికార్డర్‌ని అక్కడ పెట్టేసి రండి.

సౌండ్: జానెడు, మూరెడు, బారెడు

మైక్ కంపెనీ కంటే మైక్ దూరం ముఖ్యం. ఇది గుర్తుపెట్టుకోవడానికి మన కొలతలే బాగా పనికొస్తాయి. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే నోటికి జానెడు దూరంలో ఉన్న మైక్‌ని మూరెడు దూరం జరిపితే 6 పోయాయి, బారెడు దూరం జరిపితే 18 పోయాయి. గదిలోని ఫ్యాన్, ఫ్రిజ్, రోడ్డు మీద హారన్ మాత్రం ఎక్కడ పెట్టినా దాదాపు అంతే ఉంటాయి. తగ్గిన గొంతు కోసం మీరు గెయిన్ పెంచితే వాటినీ కలిపి పెంచినట్టే. అందుకే ఖరీదైన మైక్‌ని కెమెరా నెత్తిన పెట్టి బారెడు అవతల నుంచి రికార్డ్ చేసినవాడి కంటే, మామూలు కాలర్ మైక్‌ని జానెడు దూరంలో పెట్టినవాడి సౌండే బాగుంటుంది, ప్రతిసారీ.

మొదటి మైక్ ఏది అంటే, మాటలే ప్రధానమైతే కాలర్ మైక్. ఒంటరిగా తీసేవాళ్లకు దాన్ని మించింది లేదు. గడ్డం కింద జానెడు దూరంలో, ఛాతీ మధ్య పెట్టండి, కాలర్‌కి మరీ ఒక పక్కన పెడితే తల అటు తిప్పినప్పుడు ఒకలా, ఇటు తిప్పినప్పుడు ఒకలా వస్తుంది. బట్టల రాపిడి పెద్ద శత్రువు. వైరుని మైక్ దగ్గరే చిన్న చుట్టుగా చుట్టి టేప్ వేస్తే లాగినప్పుడు వచ్చే చప్పుడు చాలావరకు ఆగుతుంది. గొలుసులు, ఐడీ కార్డులు, గరగరలాడే బట్టలు ముందే చూసుకోండి, మొహమాటపడకుండా తీయమని అడగండి.

వైర్ ఉన్నదా, వైర్‌లెస్సా? కూర్చున్న మనిషికి వైరే మేలు అని నేను ఇప్పటికీ అంటాను, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, సిగ్నల్ తెగడం ఉండదు. కాకపోతే మనిషి లేచి నడిచాడంటే వైర్‌లెస్ తప్పదు. రోడ్ అనే కంపెనీ వైర్‌లెస్ గో 2019లో వచ్చాక ఈ అగ్గిపెట్టె సైజు మైకులు మామూలైపోయాయి, డీజేఐ మైక్ లాంటివి కూడా అదే కోవ. ఇవి ఎక్కువగా వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్, వైఫై, బ్లూటూత్ తిరిగేదీ అక్కడే. మనిషి ఒళ్లు నీళ్ల కుండ లాంటిది, ఈ సిగ్నల్‌ని మింగేస్తుంది. మైక్ పెట్టుకున్న మనిషి వెనక్కి తిరిగితే సౌండ్ టక్కుటక్కుమని తెగడం అందుకే. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది డబ్బా మీద రాసిన మీటర్లు కాదు, చొక్కాకి పెట్టే ట్రాన్స్‌మిటర్ తనలోనే రికార్డ్ చేసుకుంటుందా లేదా అన్నది. 2021లో వచ్చిన వైర్‌లెస్ గో టూ ఆ పని చేస్తుంది, తర్వాత వచ్చిన చాలావాటిలోనూ ఉంది. గాల్లో సిగ్నల్ తెగినా చొక్కా మీద ఉన్న డబ్బాలో ఫైల్ క్షేమంగా ఉంటుంది. ఈ ఒక్క సదుపాయం కోసం కాస్త ఎక్కువ పెట్టినా తప్పు లేదు. యూహెచ్ఎఫ్ అనే వేరే రేడియో బ్యాండ్‌లో పనిచేసేవి దూరానికి, జనసమ్మర్దానికి ఇంకా గట్టివి, కానీ ఏ ఫ్రీక్వెన్సీలు వాడొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది, అది చూసుకోకుండా ఆన్‌లైన్‌లో ఏదో దేశం సెట్ తెప్పించుకోకండి.

ఇక షాట్‌గన్ మైక్. పొడుగ్గా, చూడగానే ప్రొఫెషనల్‌గా ఉంటుంది కాబట్టి అందరూ ముందు దీన్నే కొంటారు. ఇది దూరం నుంచి గొంతుని లాక్కొస్తుందని అనుకుంటారు కానీ ఇదేమీ జూమ్ లెన్స్ కాదు, పక్కల నుంచి వచ్చే చప్పుళ్లను కొంత తగ్గిస్తుంది, అంతే. ఆరుబయట, ఫ్రేమ్‌కి సరిగ్గా పైన, బూమ్ కర్ర మీద, నోటి వైపు గురిపెట్టి ఒకటి ఒకటిన్నర మూరల దూరంలో పెడితే అద్భుతంగా పనిచేస్తుంది. అదే నున్నటి గోడలున్న చిన్న గదిలో పెడితే గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం దాని గొట్టంలో కలిసిపోయి గొంతు బోలుగా వినిపిస్తుంది. ఇంటి లోపలి షూటింగులే ఎక్కువైతే గొట్టం లేని చిన్న హైపర్‌కార్డియాయిడ్ మైక్ (ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) వెతుక్కోండి, లేదా గదినే మార్చండి: పరుపు, దుప్పట్లు, కర్టెన్లు కెమెరా వెనకాల వేలాడదీస్తే ఏ మైకూ చేయని మేలు చేస్తాయి.

షాట్‌గన్‌లు చాలావాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైక్ వైరులోనే వచ్చే కరెంటు కావాలి, మామూలు కెమెరా 3.5 ఎంఎం జాక్ అది ఇవ్వదు. సెన్‌హైజర్ ఎంకేఈ 600, రోడ్ ఎన్‌టీజీ2 లాంటివి పెన్సిల్ సెల్‌తో కూడా నడుస్తాయి కాబట్టి రెండు రకాలుగా వాడుకోవచ్చు. జాక్ గురించి ఇంకో మాట: కెమెరా మైక్ జాక్‌కి రెండు నల్ల గీతలుంటాయి, ఫోన్‌కి పెట్టేదానికి మూడు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, దేంట్లో అయినా దూరతాయి, పని మాత్రం చేయవు. ఏ వైరు దేనిదో రంగు టేప్ చుట్టి పెట్టుకోండి, షూట్ రోజు పొద్దున్నే వెతుక్కోవడం తప్పుతుంది.

కెమెరాలో సౌండ్ పెట్టేటప్పుడు ఆటో గెయిన్ మొదట ఆపేయండి. మనిషి మాట ఆపగానే అది గెయిన్ లేపేస్తుంది, ఆ నిశ్శబ్దంలో సర్రుమనే చప్పుడు పైకొస్తుంది, మళ్లీ మాట మొదలవగానే కిందికి దిగుతుంది. వింటుంటే అల ఎగసి పడినట్టుంటుంది. చాలా కెమెరాల లోపలి ప్రీఆంప్‌లు (మైక్ సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్లు) అంత శుభ్రంగా ఉండవు, అందుకని వైర్‌లెస్ రిసీవర్ అవుట్‌పుట్‌ని ఎక్కువగా, కెమెరా గెయిన్‌ని బాగా తక్కువగా పెట్టండి. గట్టిగా మాట్లాడినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగాలి, నవ్వినప్పుడు, అరిచినప్పుడు సున్నా తాకకూడదు. సౌండ్ చెక్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అసలు షూట్‌లో అందరూ అరుస్తారు. దానికి తగ్గట్టు కాస్త చోటు వదలండి.

విడిగా రికార్డర్ కొనాలా? ఇద్దరికి మించి మాట్లాడుతున్నా, నటులతో తీస్తున్నా కొనండి. ఈ మధ్య 32 బిట్ ఫ్లోట్ అనే మాట బాగా వినపడుతోంది. జూమ్ అనే కంపెనీ ఎఫ్3 రికార్డర్ లాంటి చిన్న డబ్బాకి గెయిన్ తిప్పే నాబ్ కూడా ఉండదు, గుసగుసైనా, అరుపైనా రికార్డ్ చేసేసి ఎడిటింగ్‌లో పెంచుకోవడం, తగ్గించుకోవడమే. ఒంటరిగా తీసేవాళ్లకు ఇది నిజంగా పెద్ద ఊరట, లెవెల్స్ టెన్షన్ ఒకటి తగ్గుతుంది. కానీ మైక్ దూరంగా ఉంటే అది ఏమీ చేయలేదు, మైక్ దగ్గరే సౌండ్ పగిలితే దాన్నీ అతికించలేదు, వైర్‌లెస్ లింక్‌లో పాడైనదాన్నీ బాగుచేయలేదు. ఫైళ్ల సైజు గురించి భయపడకండి, రెండు ట్రాకులు 48 కిలోహెర్ట్జ్‌లో గంట రికార్డ్ చేస్తే సుమారు 1.4 జీబీ, వీడియో ముందు అదొక లెక్కే కాదు.

విడిగా రికార్డ్ చేస్తే తర్వాత కలపాలి. ప్రతి టేక్ మొదట్లో కెమెరా ముందు చప్పట్లు ఒక్కసారి గట్టిగా కొట్టండి, కెమెరా సొంత మైక్‌ని ఆన్‌లోనే ఉంచండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెంటినీ చూసి దానంతటదే కలిపేస్తుంది. దూరం నుంచి తీస్తుంటే ఒకటి గమనించండి: శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే వెళ్తుంది, అంటే 14 మీటర్ల దూరంలో ఉన్న కెమెరాకి సౌండ్ ఒక ఫ్రేమ్ ఆలస్యంగా చేరుతుంది. అప్పుడు కెమెరా సౌండ్‌తో కాకుండా చేతులు తగిలిన ఫ్రేమ్‌తో కలపాలి. గంట పొడుగు రికార్డింగుల్లో రెండు యంత్రాల గడియారాలు ఒకటి రెండు ఫ్రేములు పక్కకు జరగడం మామూలే, మొదట్లో ఒక చప్పట్టు, చివర్లో ఒక చప్పట్టు ఉంటే ఎంత జరిగిందో తెలుస్తుంది. ఇంకోటి, వెళ్లే ముందు ఆ గదిలో ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఖాళీ సౌండ్ రికార్డ్ చేసుకోండి. మాట మధ్యలో దగ్గు కోసినచోట అతుకు వేయడానికి అదే గుడ్డ ముక్క.

హెడ్‌ఫోన్స్ సంగతి. చెవి మొత్తం మూసేవి, బ్లూటూత్ కాకుండా వైరు ఉన్నవి. బ్లూటూత్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుంది, పైగా మీరు వినేది కంప్రెస్ అయిన సౌండ్. సోనీ ఎండీఆర్ 7506 దశాబ్దాలుగా షూటింగుల్లో కనిపిస్తూనే ఉంది, అదే కావాలని లేదు, బయటి చప్పుడుని అడ్డుకునేది ఏదైనా సరే. గాలికి నురుగు తొడుగు చాలదు, ఆరుబయటకు వెళ్తే బొచ్చు తొడుగు తప్పనిసరి. చూడ్డానికి ఉడుత తోకలా ఉంటుంది, అది లేని రోజు మాత్రం దాని విలువ తెలుస్తుంది.

లెన్స్

కెమెరాలు మారుతూ ఉంటాయి, లెన్సులు మిగులుతాయి. అందుకే బాడీ కంటే ముందు మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) ఎంచుకుంటున్నానని అనుకోండి. ఆ మౌంట్‌కి సొంత కంపెనీవే కాకుండా సిగ్మా, టామ్‌రాన్ లాంటివి కూడా లెన్సులు చేస్తున్నాయా, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయా అన్నది చూడండి.

సెన్సర్ సైజు ఎంతో తెలిస్తే లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందో తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 బై 24 ఎంఎం. ఏపీఎస్‌సీ అందులో ఒకటిన్నర రెట్లు చిన్నది, మైక్రో ఫోర్ థర్డ్స్ రెండు రెట్లు చిన్నది. కాబట్టి 50 ఎంఎం లెన్స్ ఏపీఎస్‌సీ మీద 75లా, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100లా కనిపిస్తుంది. అందరూ మెచ్చుకుంటారు కదా అని 50 కొని చిన్న గదిలో ఏపీఎస్‌సీ కెమెరాతో ఇంటర్వ్యూ తీయబోతే వీపు గోడకి ఆనుతుంది, ఇంకా ఫ్రేమ్‌లో ముఖమే ఉంటుంది. మొదటి లెన్స్‌గా ఏపీఎస్‌సీకి 18-50 లాంటి ఎఫ్ 2.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది) జూమ్, ఫుల్ ఫ్రేమ్‌కి 24-70 లేదా 28-75 పెట్టుకుంటే చాలాకాలం రెండోది అక్కర్లేదు. వెనకాల అంతా బ్లర్ చేసే ఎఫ్ 1.4 మోజు నాకూ ఉండేది. మనిషి కొంచెం ముందుకు వంగగానే కళ్లు ఫోకస్‌లోంచి జారిపోతాయి, ఒంటరిగా తీస్తున్నప్పుడు ఎవరు సర్దుతారు?

ఎండలో తీసేవాళ్లకు ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు పెట్టే నల్ల అద్దం, విలాసం కాదు. లెక్క చూడండి. సెకనుకి 25 ఫ్రేములు తీస్తే షట్టర్ 1/50 దగ్గర ఉంటే కదలిక కంటికి సహజంగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 100, షట్టర్ 1/100 అయితే అపర్చర్ ఎఫ్ 16 కావాలి. మీరు 1/50కి, ఎఫ్ 2.8కి రావాలంటే ఆరు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకి రెట్టింపు) ఎక్కువైంది, అంటే ఎన్‌డీ 64. లాగ్‌లో (తర్వాత కలర్ దిద్దుకోవడానికి వెలిసినట్టు తీసే పద్ధతి) తీస్తే బేస్ ఐఎస్ఓనే 800 దగ్గర ఉండొచ్చు, ఇంకో మూడు స్టాపులు కలపండి. తిప్పి మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీ సుఖంగా ఉంటుంది కానీ చవకవి చివరిదాకా తిప్పితే ఫ్రేమ్ మీద నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. ఫిల్టర్‌ని మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద లెన్స్ సైజుకి కొని, మిగతా వాటికి స్టెప్ అప్ రింగులు వాడుకోండి.

షట్టర్ మాట వచ్చింది కాబట్టి: కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి, అక్కడ 1/50 లేదా 1/100 పెడితే మినుకు కనపడదు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

చిల్లర సామాను

బడ్జెట్ పది భాగాలనుకుంటే దీనికి కనీసం రెండు భాగాలు పక్కన పెట్టండి. బ్యాటరీలు మూడు, లేదా కూర్చుని తీసేవాళ్లైతే కరెంటుకి పెట్టే డమ్మీ బ్యాటరీ. రికార్డ్ అవుతుండగా యూఎస్‌బీ సీ నుంచి కరెంటు తీసుకునే కెమెరా అయితే పవర్ బ్యాంకే సరిపోతుంది.

కార్డు మీద రాసిన వేగాల్లో పెద్ద అంకె చదివే వేగం, మనకు కావాల్సింది రాసే వేగం. వీ30 అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, వీ60 అంటే 60, వీ90 అంటే 90. కెమెరా స్పెసిఫికేషన్లలో ఉండేవి మెగాబిట్లు, వాటిని ఎనిమిదితో భాగించాలి. 100 మెగాబిట్ల ఫుటేజ్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ, వీ30 దర్జాగా మోస్తుంది. 400 మెగాబిట్లు అంటే సెకనుకి 50, గంటకు 180 జీబీ, అప్పుడు వీ60 కావాలి. ఈ గుణకారం కొనకముందే చేసుకోండి, ఎందుకంటే కార్డే కాదు, ఆ ఫుటేజ్ పెట్టుకోవడానికి డిస్కులు కూడా మీరే కొనాలి, అదీ రెండేసి. రెండు చోట్ల కాపీ పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి.

ట్రైపాడ్ తేలికైనది కొనకండి. ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాని కుదుపు లేకుండా తిప్పే తల) ఉన్నది, మోయడానికి కాస్త విసుగొచ్చేంత బరువున్నది కొంటే మూడు కెమెరాలు మారినా అదే ఉంటుంది. లైటు ఒక్కటి, పెద్ద సాఫ్ట్‌బాక్స్‌తో, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, వందకి) 95కి తగ్గకుండా. కిటికీ ఉంటే అదీ అక్కర్లేదు, మనిషిని కిటికీకి వాలుగా కూర్చోబెట్టండి.

ఇప్పుడు కెమెరా

ఇక్కడికి వచ్చేసరికి డబ్బు అయిపోయిందా? ఫోన్‌తో మొదలుపెట్టండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పైన చెప్పిన మైకులు, ట్రైపాడ్, లైటు ఫోన్‌కీ పనికొస్తాయి. ఫోన్‌తో పెద్ద చిక్కు బొమ్మ కాదు, దాని తొందర: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, చివరికి ఫ్రేమ్ రేటు కూడా తనకు తోచినట్టు మార్చేస్తుంటుంది. ఫ్రేమ్ రేటు అలా ఊగితే ఎడిటింగ్‌లో పెదాలు ఒకచోట, మాట ఒకచోట. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ పెట్టుకుని అన్నీ లాక్ చేసి తీయండి.

కెమెరానే కొంటున్నారంటే ముందు తిప్పి పక్క మూతలు తీసి చూడండి. మైక్ జాక్ ఉందా, హెడ్‌ఫోన్ జాక్ ఉందా. 2008లో వచ్చిన కెనాన్ ఫైవ్ డీ మార్క్ టూ సొంతంగా సినిమాలు తీసేవాళ్ల దశ మార్చిందని అందరూ అంటారు, ఒప్పుకుంటాను, కానీ దానికి హెడ్‌ఫోన్ జాక్ లేదు, రికార్డ్ అవుతున్నది వినే దారే లేదు. సెకండ్ హ్యాండ్‌లో పాతవి చవగ్గా కనిపించినప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఈ రెండు రంధ్రాల్లో రెండోది లేని కెమెరాని మాటల వీడియోల కోసం నేను కొనను, విడి రికార్డర్ ఉంటే తప్ప.

తర్వాత ఎంతసేపు ఆగకుండా తీస్తుంది. పాత ఫోటో కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు ఠక్కున ఆగిపోయేవి. అరగంట దాటి రికార్డ్ చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవాళ్లు, దాన్ని తప్పించుకోవడానికి పెట్టిన హద్దు అది. కొత్తవాటిలో చాలావరకు పోయింది కానీ వేడి సమస్య ఉంది. చిన్న బాడీలో 4కే, సెకనుకి 60 ఫ్రేములు, పైన ఎండ, ఇక ఎంతసేపు లాగుతుందో మీరే చూడాలి. గంటల తరబడి తీసేవాళ్లకు ఫ్యాన్ ఉన్న బాడీలు, అంటే సోనీ ఎఫ్ఎక్స్30, ప్యానసోనిక్ ఎస్5 టూ లాంటివి, మనశ్శాంతి.

ఆటోఫోకస్ ఒంటరివాళ్లకు అసిస్టెంట్ లాంటిది. ఫేజ్ డిటెక్షన్ (ఫోకస్ ఎటు, ఎంత జరగాలో నేరుగా లెక్కగట్టే పద్ధతి) ఉన్నదే తీసుకోండి. ప్యానసోనిక్ జీహెచ్5 2017లోనే లోపలే 10 బిట్ 4:2:2 (రంగు వివరాన్ని ఎక్కువగా దాచుకునే పద్ధతి) రికార్డ్ చేసి ఆశ్చర్యపరిచింది, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి బేరం, కాకపోతే దాని ఫోకస్ కాంట్రాస్ట్ మీద నడుస్తుంది కాబట్టి వీడియోలో ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ట్రైపాడ్ మీద ఫోకస్ లాక్ చేసి తీసేవాళ్లకు అది సమస్యే కాదు, మీరే కెమెరా ముందుకొచ్చి నడుస్తూ మాట్లాడేవాళ్లైతే వద్దు. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కే కూడా ఇలాంటిదే. దాని బొమ్మ చూస్తే ఇంకేదీ నచ్చదు, పైగా మినీ ఎక్స్ఎల్ఆర్ ఇన్‌పుట్ (ప్రొఫెషనల్ మైకుల జాక్), 48 వోల్టుల ఫాంటమ్ పవర్, పెద్ద హెచ్‌డీఎంఐ అన్నీ ఉన్నాయి. కదిలేవాళ్లను వెంటాడే ఆటోఫోకస్ లేదు, బాడీలో స్టెబిలైజేషన్ లేదు, చిన్న బ్యాటరీ గంట కూడా లాగదు. షార్ట్ ఫిల్మ్‌కి బంగారం. ఒక్కరే పరిగెత్తే డాక్యుమెంటరీకి గుదిబండ.

8 బిట్టా 10 బిట్టా అన్నది మీరు కలర్ ఎంత దిద్దుతారన్నదాన్ని బట్టి. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024. 8 బిట్‌లో లాగ్ తీసి సాగదీస్తే ఆకాశం మీద మెట్లు మెట్లుగా చారలు పడతాయి. తీసింది తీసినట్టు వాడుకునేవాళ్లకు, లైటింగ్ సరిగ్గా పెట్టుకునేవాళ్లకు 8 బిట్ చాలు. సోనీ జెడ్‌వీ ఈ10 మొదటిది 8 బిట్టే, దాంతో ఎంతోమంది చక్కగా పని చేసుకుంటున్నారు. అందులో స్టెబిలైజేషన్ బాడీలో లేదు, 4కేలో కెమెరాని గబుక్కున తిప్పితే నిలువు గీతలు వాలిపోతాయి, అది తెలిసి కొంటే మంచి మొదటి కెమెరా. కలర్ బాగా దిద్దాలనుకుంటే ఎఫ్ఎక్స్30, ఎస్5 టూ, జెడ్‌వీ ఈ10 రెండోది, వీటిలో ఏదైనా 10 బిట్ ఇస్తుంది. 10 బిట్ 4:2:2 ఫైళ్లని మీ కంప్యూటర్ ఆడించగలదో లేదో మాత్రం నమూనా ఫైల్ దించుకుని ముందే చూడండి, లేకపోతే కెమెరాతో పాటు కంప్యూటర్ కూడా కొనాల్సొస్తుంది.

4కే అవసరమా? హెచ్‌డీలోనే విడుదల చేసినా అవసరమే అంటాను, ఎందుకంటే 4కేలో నాలుగు రెట్లు పిక్సెళ్లుంటాయి. ఒకే కెమెరాతో ఇంటర్వ్యూ తీసి ఎడిటింగ్‌లో రెట్టింపు దగ్గరికి లాగితే క్లోజప్ వస్తుంది, కోత ఎక్కడ పడిందో తెలియదు. 6కే, 8కే గురించి ఇప్పుడే ఆలోచించకండి.

సెకండ్ హ్యాండ్ బేరం

వీడియో కోసం కొనేటప్పుడు షట్టర్ కౌంట్ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, రికార్డ్ అవుతున్నప్పుడు షట్టర్ ఊరికే తెరుచుకుని ఉంటుంది. చూడాల్సినవి వేరు. లెన్స్ మూత పెట్టేసి ఐఎస్ఓ పెంచి ఒక నిమిషం తీయండి, నలుపు మీద మెరిసే చుక్కలు మెదలకుండా ఒకేచోట ఉంటే అవి పాడైన పిక్సెళ్లు. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడని తీయండి, సెన్సర్ మీద దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. లెన్స్ వెనక నుంచి టార్చి కొట్టి చూడండి, సాలెగూడులా అల్లుకుని ఉంటే ఫంగస్, ఎంత చవకైనా తీసుకోకండి. బ్యాటరీ ఉబ్బిందా, స్క్రీన్ తిప్పినప్పుడు మధ్యలో ఆరిపోతుందా, చిన్న హెచ్‌డీఎంఐ జాక్ వదులైందా. కార్డు నిండేదాకా ఒక రికార్డింగ్ వదిలేసి పక్కన కూర్చుని మాట్లాడుకోండి, వేడి సంగతి అప్పుడే తెలుస్తుంది.

మైక్ జాక్‌లో మీ సొంత మైక్ గుచ్చి, రికార్డ్ అవుతుండగా వైరుని అటూ ఇటూ మెల్లగా కదిపి వినండి, టిక్కుమన్నా, ఒక పక్క ఛానెల్ పోయినా వదిలేయండి. దీనికి హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లాలి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.